ఆగని ట్రాక్‌తో ట్యూబా వాయించడం ఎలా?

అమెరికాలో సంగీతం చదువుతున్న మీరు వచ్చే నెల సోలో కచేరీ ఇవ్వాలి. అందులో లోతు స్వరాలు పలికే పెద్ద ఇత్తడి వాద్యమైన ట్యూబాకూ, ముందే రికార్డు చేసిన ఎలక్ట్రానిక్ ధ్వనుల ట్రాక్‌కూ కలిపి రాసిన తొమ్మిది నిమిషాల కొత్త రచన ఒకటి ఉంది. సాధన గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయిస్తే కుదురుతోంది. హాల్లో వాయిస్తే మాత్రం నాలుగో నిమిషానికల్లా ట్రాక్ వెనక పడిపోతున్నారు, శ్రుతి తేడా వస్తోంది, స్పీకర్ల మోతలో ట్యూబా ముద్దగా కలిసిపోతోంది. పైగా మిత్రుడొకరు ‘ఇది కరావోకేలా ఉంది’ అన్నారు. మీ ప్రశ్నలో ఉన్నది ఇదే కదా. ఆ చివరి మాట మిమ్మల్ని ఎక్కువగా నొప్పించిందని చదువుతుంటేనే తెలుస్తోంది. దాని దగ్గరకు తప్పకుండా వస్తాను, కానీ ముందు మిగిలిన మూడూ చూద్దాం.

నేను ట్యూబా పట్టి ఇరవై రెండేళ్లయింది. ఇలాంటి రచనలు పదికి పైగా వేదిక మీద వాయించాను. ఇతరులు వాయిస్తుండగా స్పీకర్ల ధ్వనిని సరిచేసే మిక్సర్ దగ్గర కూర్చున్న సాయంత్రాలు అంతకన్నా ఎక్కువ. మీ ఇబ్బందులన్నిటికీ వేరు ఒకచోటే ఉందని నాకు అనిపిస్తోంది. పియానో తోడుగా వాయించేటప్పుడు ఇద్దరు వింటారు. మీరు ఊపిరికి అర క్షణం ఎక్కువ తీసుకుంటే పియానో దగ్గర కూర్చున్న మనిషి అది గమనించి, తన చేతిని అర క్షణం ఆపుతారు. మీరు ఉద్వేగంతో కాస్త ముందుకు వెళితే వాళ్లూ వస్తారు. ట్రాక్‌కు చెవులు లేవు. ఇద్దరు పంచుకోవలసిన వినికిడి అంతా మీ ఒక్కరి మీద పడుతుంది. ఈ భారం తెలియనివారు వినడం మాని వెంటపడతారు. ఎంత వేగంగా వెంటపడినా ఒక అడుగు వెనకే ఉంటారు.

మీరు వెనకబడటానికి మొదటి కారణం మీ లయజ్ఞానంలో లోపం కాకపోవచ్చు. ట్యూబా అడుగు స్వరం పుట్టడానికే సమయం పడుతుంది. ట్యూబాలో చాలా కింద ఉండే ఇ స్వరం దాదాపు 41 హెర్ట్జ్, అంటే సెకనుకు 41 కంపనాలు. గాలి ఒక్కసారి కంపించడానికి సుమారు 24 మిల్లీసెకన్లు కావాలి. అది ఫలానా స్వరం అని చెవి గుర్తుపట్టాలంటే అలాంటి కంపనాలు కొన్ని పూర్తి కావాలి. అదే సమయంలో ట్రాక్‌లోని ‘టక్’ అనే ఎలక్ట్రానిక్ శబ్దం ఒకటి రెండు మిల్లీసెకన్లలోనే పూర్తిగా వినిపిస్తుంది. రెండూ ఒకే క్షణంలో మొదలైనా, వినేవారికి ట్యూబా ఆలస్యమైనట్టే ఉంటుంది. హాల్లో దీనికి దూరం తోడవుతుంది. ధ్వని మీటరు దూరం పోవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. స్పీకర్లు మీకు 10 మీటర్ల దూరంలో ఉంటే ట్రాక్ మీ చెవికి 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. మీరు విన్నదానికి సరిగ్గా వాయించినా, స్పీకర్ పక్కన కూర్చున్న శ్రోతకు మీరు ఆలస్యమే. హెడ్‌ఫోన్లలో ఈ దూరం లేదు కాబట్టి గదిలో కుదిరింది.

అందువల్ల అడుగు స్వరాలను ముందుగా మొదలుపెట్టడం నేర్చుకోవాలి. ఎంత ముందుగా అని ఎవరూ అంకె చెప్పలేరు. అది స్వరాన్ని బట్టి, మీ వాద్యాన్ని బట్టి, హాలును బట్టి మారుతుంది. హాల్లో పదో వరుసలో ఒక చిన్న రికార్డర్ పెట్టి, ట్రాక్‌తో కలిపి వాయించి, తర్వాత వినండి. నాలుక కదిలిన క్షణాన్ని లెక్కలోకి తీసుకోకండి. స్వరం వికసించిన క్షణం ట్రాక్ దెబ్బతో కలుస్తోందా లేదా అని చూడండి. పెద్ద ఆర్కెస్ట్రాల్లో వెనక వరుసలో కూర్చునే ట్యూబా కళాకారులు ఏళ్ల తరబడి చేసేది ఇదే. కండక్టర్ చేతి కదలికకు కాస్త ముందుండటం వాళ్ల రక్తంలో ఉంటుంది. సోలో వాయించేవారికి ఆ అలవాటు తక్కువ.

రెండో కారణం ట్రాక్ మీకు ఇంకా పూర్తిగా తెలియకపోవడం. మీ భాగం మీకు కంఠస్థం అయి ఉంటుంది, సందేహం లేదు. ట్రాక్‌ను కూడా అలాగే పాడగలరా? ట్యూబా పక్కన పెట్టి, ట్రాక్ ఆపేసి, మూడో నిమిషం నుంచి నాలుగో నిమిషం దాకా ట్రాక్‌లో ఏమేమి వస్తాయో నోటితో పాడి చూపించగలరా? నా అనుభవంలో వెనకబడేవారు ఈ ప్రశ్నకు తడబడతారు. ముద్రించిన స్కోరులో, అంటే స్వరాలు రాసిన పత్రంలో, ట్రాక్ గీత చాలాసార్లు నామమాత్రంగా ఉంటుంది: ఒక అలల బొమ్మ, రెండు బాణాలు, ఒక సమయం. అది మీకు సరిపోదు. సొంత స్కోరు ఒకటి రాసుకోండి. విన్న ప్రతి శబ్దానికీ మీకు తోచిన పేరు పెట్టండి. ‘గాజు పగిలింది’, ‘రైలు దాటుతోంది’, ‘నీటి కింద గంట’, ‘గొంతు సవరించుకున్నట్టు’. ఇవి ఎవరికీ చూపించనక్కర్లేదు. ‘2:47’ అనే అంకె కన్నా ‘రైలు దాటాక’ అనే మాట వేదిక మీద వంద రెట్లు త్వరగా గుర్తుకు వస్తుంది.

ఒక హెచ్చరిక. ఈ పని ఫోను స్పీకర్‌తో చేయకండి. చిన్న స్పీకర్లు లోతు ధ్వనులను దాదాపు వినిపించవు. అడుగు స్వరంతో పాటు దాని పైన సన్నగా మోగే అనుస్వరాల నుంచి ఆ అడుగు స్వరాన్ని మన చెవి ఊహించుకుంటుంది. ‘విన్నాను’ అనుకుంటారు, నిజానికి మీ వాద్యం ఉండే ప్రాంతంలో ట్రాక్ ఏం చేస్తోందో అసలు విని ఉండరు. మంచి హెడ్‌ఫోన్లు కావాలి, లేదా లోతు ధ్వనుల కోసమే ఉండే స్పీకరు, అంటే సబ్‌వూఫర్ ఉన్న గది.

కొలత ఉన్న భాగాల్లో మనకొక వరం ఉంది. చిన్నప్పుడు మృదంగం క్లాసు పక్కన కూర్చున్నా చాలు, జతులు నోటికి వచ్చేస్తాయి. ఐదుకు తకతకిట, ఏడుకు తకిటతకధిమి. కొత్త సంగీతంలో ఒక గీతలో (స్కోరులో రెండు నిలువు గీతల మధ్య ఉండే గడిలో) ఐదు దెబ్బలు, తర్వాత గీతలో ఏడు, ఆపైన తొమ్మిది వస్తుంటే మెట్రోనోమ్‌తో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేవారు ఎక్కడో తప్పుతారు. జతి పలికేవారు తప్పరు, ఎందుకంటే అంకె మెదడులో ఉంటుంది, జతి నాలుక మీద ఉంటుంది. ట్యూబా కూడా నాలుకతోనే మొదలవుతుంది. అలాగే పాటను తాళం దెబ్బ మీదా, దానికి ముందూ వెనకా ఎత్తుకునే సమ, అతీత, అనాగత గ్రహాలు తెలిసినవారికి ట్రాక్ దెబ్బకు కాస్త ముందో, కాస్త తర్వాతో ఎత్తుకోవడం కొత్త విషయం కాదు. ఇక్కడ మీ అమెరికన్ సహపాఠుల కన్నా మీకు ఎక్కువ సామాగ్రి ఉంది. వాడుకోండి.

ఇక నేను అందరికీ చెప్పే సాధన ఒకటుంది. కంప్యూటర్‌లో ట్రాక్ ప్రతి తీసుకుని, మధ్యమధ్య ఇరవై సెకన్ల చొప్పున నిశ్శబ్దం చేయండి. ట్రాక్ నడుస్తుంది కానీ ఆ ఇరవై సెకన్లు వినిపించదు. మీరు ఆపకుండా వాయించండి. ధ్వని తిరిగి వచ్చినప్పుడు మీరు ఎక్కడున్నారు? మొదటిరోజు రెండు సెకన్లు అటూ ఇటూ ఉంటారు. వారం తర్వాత సరిగ్గా కలుస్తారు. ట్రాక్ మీ లోపలికి వచ్చిందనడానికి ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు. అది దాటాక వెంటపడటం దానంతట అదే ఆగిపోతుంది. ట్రాక్ మీరు ఊహించిన చోటే వస్తుంది కాబట్టి, అదే మిమ్మల్ని అనుసరిస్తున్నట్టు ఉంటుంది. శ్రోతకు కూడా అలాగే వినిపిస్తుంది.

దెబ్బల కొలత లేకుండా సెకన్లలో రాసిన భాగాల గురించి ఒక మాట. ఈ పద్ధతి పాతదే. వాద్యాన్నీ టేపునూ కలిపే ప్రయత్నం 1952లో ఇటలీ రచయిత బ్రూనో మడెర్నా వేణువుకు రాసిన రచనతోనే మొదలైందని చెప్పవచ్చు. జర్మన్ రచయిత స్టాక్‌హౌసెన్ 1958–60 మధ్య రాసిన ‘కొంటాక్టె’లో పియానో, తాళవాద్యాల కళాకారులు టేపు పక్కన నడుస్తారు, టేపు మాత్రం ఎక్కడా ఆగదు. దీనికి భిన్నంగా మారియో డేవిడోవ్‌స్కీ అనే రచయిత 1960ల మొదట్లో ప్రారంభించిన ‘సింక్రోనిజమ్స్’ వరుసలో టేపును కొన్నిచోట్ల ఆపి, మళ్లీ మొదలుపెట్టే ఏర్పాటు ఉంది. టేపు ఆగిన చోట వాద్యకారుడు స్వేచ్ఛగా ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ వరుసలో పియానోకు రాసిన ఆరోది 1971లో పులిట్జర్ బహుమతి అందుకుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ రచన ఒకే ఫైలుగా వచ్చినంత మాత్రాన అది ఒకే ఫైలుగానే నడవాలని లేదు. రచయిత జీవించి ఉన్నారు, అందుబాటులో ఉన్నారు అన్నారు. నిశ్శబ్దం ఉన్నచోట ఫైలును రెండు మూడు ముక్కలు చేసి, కాలి పెడల్‌తో ఒక్కొక్కటీ మొదలుపెట్టడానికి ఒప్పుకుంటారేమో అడగండి. నేను అడిగిన రచయితల్లో చాలామంది సంతోషంగా ఒప్పుకున్నారు. కొందరు వద్దన్నారు, ఎందుకంటే ఆగని కాలం ముందు నిలబడిన మనిషే వాళ్ల రచనకు విషయం. అదీ గౌరవించవలసిన సమాధానమే.

ఊపిరి గురించి మీరు అడగలేదు. కానీ నాలుగో నిమిషం అనగానే నాకు అనుమానం వచ్చింది. గట్టిగా వాయించే లోతు స్వరం నిండా పీల్చిన ఊపిరిని కొద్ది సెకన్లలోనే ఖాళీ చేస్తుంది. మనిషి తోడుంటే ఊపిరికి చోటు దొరుకుతుంది. ఇక్కడ దొరకదు. మూడు నిమిషాల పాటు అరకొర ఊపిరులతో నెట్టుకొచ్చినవారికి నాలుగో నిమిషంలో శరీరం అలసిపోయి, ప్రతి ఎత్తుగడా ఇంత చొప్పున జారుతుంది. కాబట్టి స్వరాలు నేర్చుకోవడానికి ముందే ఊపిరి గుర్తులు పెట్టుకోండి. అవసరమైతే పొడుగు స్వరం చివరను కొద్దిగా కోసి ఊపిరి తీసుకోండి, తర్వాతి స్వరం మొదలును మాత్రం కోయకండి. పొడుగు స్వరం ఎక్కడ ముగిసిందో ట్రాక్ మోతలో చాలాసార్లు ఎవరికీ తెలియదు. ఆలస్యంగా మొదలైన స్వరం అందరికీ తెలుస్తుంది. 1944 నుంచి 1988 దాకా షికాగో సింఫనీలో ట్యూబా వాయించిన ఆర్నాల్డ్ జేకబ్స్ ఊపిరిని బోధించడంలో ప్రపంచానికే గురువు. ఆయన సొంత ఊపిరితిత్తుల సామర్థ్యం తక్కువే. ఎంత గాలి ఉందన్నదాని కన్నా, ఉన్న గాలిని పాటగా ఊహించి వదలడమే ఆయన బోధనకు ప్రాణం.

శ్రుతి విషయానికి వద్దాం. ట్రాక్ శ్రుతి ఎన్నటికీ మారదు. మీది ప్రతి నిమిషం మారుతుంది. గాలి చల్లబడితే ధ్వని వేగం తగ్గి, వాద్యం శ్రుతి దిగుతుంది. లెక్క ప్రకారం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు 3 సెంట్లు, అంటే అర్ధస్వరంలో వందకు మూడు వంతులు. ఊపిరి వేడి లోపల ఉంటుంది కాబట్టి వాయిస్తున్నంతసేపూ అంత దిగదు. కానీ పెద్ద బి-ఫ్లాట్ ట్యూబాలో వేళ్లతో నొక్కే వాల్వుల గొట్టాలు కాక అసలు గొట్టమే సుమారు 5.5 మీటర్ల పొడవు ఉంటుంది. అంత లోహం వేడెక్కడానికి సమయం పడుతుంది. ట్రాక్ ఒక్కటే రెండు నిమిషాలు నడిచే చోట మీరు వాద్యాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంటే అది చల్లారుతుంది, మళ్లీ ఎత్తుకున్నప్పుడు శ్రుతి దిగి ఉంటుంది. ఆ రెండు నిమిషాలూ శబ్దం రాకుండా గొట్టంలోకి వెచ్చని గాలి మెల్లగా ఊదుతూ ఉండండి. శ్రోతలకు కనబడదు, వినబడదు.

ట్రాక్ ఏ శ్రుతిలో ఉందో కూడా ట్యూనర్‌తో ముందే చూసుకోండి. మీ విద్యాలయం బ్యాండు ‘ఎ’ స్వరాన్ని 440 హెర్ట్జ్‌కు సరిచేసుకుంటుంది. యూరప్‌లో తయారైన ట్రాక్ 442లో ఉండవచ్చు. తేడా 8 సెంట్లే, కానీ స్పీకర్‌లో కదలకుండా నిలబడిన మోత మీద ఆ 8 సెంట్లు దాక్కోవు.

మీ రచన ఆరో నిమిషంలో వాయిస్తూ పాడే చోటు ఉందన్నారు. అక్కడ నాకు చాలా ఇష్టమైన విషయం ఒకటి జరుగుతుంది. మీరు బి-ఫ్లాట్‌ను, అంటే 116.5 హెర్ట్జ్‌ను వాయిస్తూ, దాని మీది ఎఫ్‌ను, అంటే సుమారు 174.6 హెర్ట్జ్‌ను పాడతారనుకుందాం. మన భాషలో సా వాయిస్తూ పా పాడటం. రెండూ శుద్ధంగా కలిస్తే గొట్టంలో మరో రెండు స్వరాలు పుడతాయి. వాటి భేదం 58 హెర్ట్జ్, అది కింది స్థాయి సా. వాటి మొత్తం 291 హెర్ట్జ్, అది పై స్థాయి అంతర గాంధారం. ఒక మనిషి నోటి నుంచి నాలుగు స్వరాల గుచ్ఛం. కానీ ట్రాక్‌లో అదే గాంధారం సింథసైజర్ లెక్కలో, స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసే విభజనతో, దాదాపు 293.7 హెర్ట్జ్ ఉంటుంది. ఈ రెండూ కలిసినప్పుడు సెకనుకు రెండు మూడు విస్పందనాలు వినిపిస్తాయి, స్వరం అలలా ఊగుతుంది. శ్రుతి తప్పిందనుకుని మీరు పెదవి బిగించి సరిచేయబోతే మొత్తం చెడుతుంది. అక్కడ మీరు తప్పు చేయలేదు, రెండు శ్రుతి పద్ధతులు ఒకదాన్నొకటి తాకుతున్నాయి, అంతే. రచయిత బహుశా దాన్నే కోరుకున్నారు. పా నిలకడగా పాడండి, ఆ ఊగడాన్ని ఊగనివ్వండి.

మూడోది, ముద్దగా వినిపించడం. ఇందులో మీ తప్పు దాదాపు లేదు, స్పీకర్లను అమర్చినవారు సోలో వయొలిన్‌కు అమర్చినట్టు అమర్చి ఉంటారు. ట్యూబా నోరు పైకి చూస్తుంది. దాని ధ్వని ముందు పైకప్పుకు వెళ్లి, గోడలకు తగిలి, హాలంతా పరుచుకుని శ్రోతకు చేరుతుంది. స్పీకర్ శబ్దం నేరుగా ముఖానికి వస్తుంది. ఒకటి దూరంగా, మెత్తగా, మరొకటి దగ్గరగా, పదునుగా ఉంటే రెండూ ఒకే రచనలోనివని చెవి ఒప్పుకోదు. ట్యూబా సహజంగా ఎంత పెద్ద వాద్యమైనా సరే, దానికి కొద్దిగా మైకు ఇవ్వండి. ఆ నోటి (బెల్) అంచుకు పైన సుమారు అర మీటరు ఎత్తులో, కాస్త పక్కకు పెట్టిన ఒక మైకు చాలు. పెద్దది చేయడానికి కాదు, స్పీకర్లలోంచి కూడా కాస్త ట్యూబా వినిపిస్తే రెండు ధ్వనులూ ఒకే గదిలోకి వస్తాయి. స్పీకర్లను వేదిక అంచున రెండు మూలలకు నెట్టేయకుండా, మీకు రెండు పక్కలా, మీ వరుసకు కాస్త ముందు పెట్టించండి. అలా చేస్తే మొదట చెప్పిన ఆలస్యం కూడా తగ్గుతుంది.

సబ్‌వూఫర్‌ను జాగ్రత్తగా చూడండి. 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా ఉన్న ప్రాంతం మీ ఇల్లు. ట్రాక్‌లోని లోతైన మోతలు కూడా అక్కడే ఉంటాయి. అద్దె సామాను తెచ్చేవారు సినిమా పాటల అలవాటు కొద్దీ సబ్‌ను ఎక్కువ పెడతారు. మీరు వాయించేచోట దాన్ని తగ్గించి, ట్రాక్ ఒక్కటే ఉన్నచోట పెంచమనండి. దీనికి స్కోరు చదవగలిగిన మనిషి మిక్సర్ దగ్గర ఉండాలి. నా దృష్టిలో ఇలాంటి రచన సోలో కాదు, ఇద్దరి కచేరీ. ఆ రెండో మనిషిని ఇప్పుడే ఎంచుకోండి, మీ మిత్ర విద్యార్థి అయినా చాలు. కనీసం నాలుగుసార్లు మీతో కలిసి సాధన చేయాలి. కార్యక్రమపత్రంలో ఆ పేరు కూడా వేయించండి.

లయ చూపే టకటక శబ్దం, అంటే క్లిక్ వినడానికి చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుంటే ఒక్క చెవికే పెట్టుకోండి. రెండు చెవులూ మూస్తే పెదవుల కంపనం ఎముకల ద్వారా తలంతా మోగుతుంది, హాలు వినిపించదు, మీ స్వరం ఎంత పెద్దదో మీకే తెలియదు.

ఫైలు గురించి నాకు జరిగింది చెబుతాను. ఒక కచేరీలో నా ట్రాక్ 44.1 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 44,100 ధ్వని నమూనాల చొప్పున, రికార్డయింది. హాల్లోని పరికరం దాన్ని 48 అనుకుని నడిపింది. మొదటి ధ్వని వినగానే ఏదో తేడా అనిపించింది. కానీ నాలుగు గీతలు దాటేదాకా అదేమిటో తెలియలేదు. శ్రుతి దాదాపు ఒకటిన్నర అర్ధస్వరం పైకి లేచింది, వేగం నూటికి తొమ్మిది వంతులు పెరిగింది. పది నిమిషాల రచన తొమ్మిది నిమిషాల పదకొండు సెకన్లలో అయిపోయే లెక్క. నేను ఆపి, లేచి నిలబడి, శ్రోతలకు జరిగింది చెప్పి, సరిచేయించి మళ్లీ మొదలుపెట్టాను. ఆ రాత్రి ఎంత కుంగిపోయానో ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ప్రతి సౌండ్ చెక్‌లో ముందుగా ట్రాక్ మొదటి స్వరాన్ని ట్యూనర్‌తో చూస్తాను, మొత్తం నిడివిని గడియారంతో చూస్తాను. మీరూ చూడండి. కుదించిన ఎంపీ3 కాకుండా అసలు వేవ్ ఫైలునే వాడండి. మరో ప్రతి వేరే యంత్రంలో సిద్ధంగా ఉంచండి. ఫైలు మొదట్లో ఎనిమిది సెకన్ల నిశ్శబ్దం చేర్పించండి. మీట నొక్కడానికీ మొదటి ధ్వనికీ మధ్య మీరు కూర్చుని, ఊపిరి పీల్చుకునే సమయం అది.

ఇప్పుడు మీ మిత్రుడి మాట. కరావోకేలో పాట అంతకుముందే పూర్తయి ఉంటుంది, గొంతు తీసేసిన ఖాళీలో ఎవరైనా పాడవచ్చు. మీ రచనలో ట్రాక్ విడిగా వింటే సగం అర్థం కూడా కాదు. మీరు చేరితేనే అది ఏర్పడుతుంది. ట్రాక్‌లోని చాలా ధ్వనులు ట్యూబా నుంచే తీసినవని రాశారు: వాల్వుల టకటకలు, గొట్టంలో గాలి, సాగదీసిన ఒక లోతు స్వరం. అంటే మీరు వాయిస్తున్నది మీ వాద్యపు నీడలతోనే. ఈ సంగతి శ్రోతకు చేరాలంటే ఆ టకటకలను మీరు వేదిక మీద వాయించేటప్పుడు, ట్రాక్ టకటకల రంగుకు తగ్గట్టు వాయించాలి. ఏది స్పీకరో ఏది వాద్యమో ఒక క్షణం తెలియకుండా పోవాలి. అది సాధించినరోజు ఎవరూ కరావోకే అనరు.

స్వేచ్ఛ లేదన్న బాధ కూడా మీ ప్రశ్నలో ఉంది. రికార్డు చేసిన పాటకు కూచిపూడి చేసేవారిని చూశారు కదా. నట్టువాంగం, గాత్రం, మృదంగం అన్నీ రికార్డులోనే ఉంటాయి, ఒక్క అక్షరం మారదు. అయినా ఒకరి అభినయం కళ్లు తడిపిస్తుంది, మరొకరిది తడిపించదు. అలాగే సినిమా పాటల్లో ట్రాక్ మీద పాడే గాయకులు మాటను దెబ్బకు వెంట్రుకవాసి ముందో వెనకో వేసి పాటకు ప్రాణం పోస్తారు. కాలం బిగించి ఉన్నా, స్వరం ఎలా మొదలవాలి, ఎంత ముదురు రంగులో ఉండాలి, ఎప్పుడు సన్నగిల్లాలి అన్నవి మీ చేతిలోనే ఉన్నాయి. ట్యూబాలో ఆ రంగుల పరిధి చాలామంది అనుకునేదాని కన్నా ఎక్కువ.

నిజంగా వాద్యకారుడిని వినే ఎలక్ట్రానిక్స్ ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఇటలీ రచయిత లుయీజీ నోనో 1987లో ట్యూబా కళాకారుడు జంకార్లో స్కియాఫీనీ కోసం రాసిన ‘పోస్ట్-ప్రే-లూడియుం 1, పెర్ డోనౌ’ వినండి. డాన్యూబ్ నది మొదలయ్యే జర్మనీ పట్టణం డోనావెషింగెన్‌లో దాన్ని మొదటిసారి వాయించారు. అందులో రికార్డు చేసిన ట్రాక్ లేదు. ట్యూబా ధ్వనినే అక్కడికక్కడ పట్టి, ఆలస్యం చేసి, హాలు చుట్టూ తిప్పుతారు. మొదటి భాగంలో వాద్యకారుడు ఏ దారిన వెళ్లాలో తనే ఎంచుకుంటాడు. దాన్ని విన్నాక మీ రచనకు తిరిగి రండి. నోనో యంత్రం చేసే పనిని మీ రచనలో మీరే చేయాలని అర్థమవుతుంది: విన్నదాన్ని పట్టుకోవడం, దానికి రంగు మార్చి తిరిగి ఇవ్వడం.

ట్యూబాకు ఇలాంటి సంగీతం ఎందుకు ఇంత బాగా అతుకుతుందో కూడా ఒక్క మాట చెప్పాలి, ఇది నాకు ప్రియమైన విషయం. 1835లో బెర్లిన్‌లో వీప్రెక్ట్, మోరిట్జ్ పేటెంటు తీసుకున్న ఈ వాద్యానికి ఆర్కెస్ట్రా తోడుగా వాయించే పేరున్న సోలో రచన, అంటే కన్సర్టో, రావడానికి 1954 దాకా, ఇంగ్లీషు రచయిత వాన్ విలియమ్స్ దాకా, ఆగవలసి వచ్చింది. మరుసటి ఏడాది హిండెమిత్ సొనాటా వచ్చింది. వయొలిన్‌కు, పియానోకు ఉన్న శతాబ్దాల సోలో సంప్రదాయం దీనికి లేదు. టేపు, స్పీకరు సంగీతంలోకి వచ్చిన కాలంలోనే ట్యూబా కూడా సోలో వేదిక ఎక్కింది. 1970ల్లోనే వాల్టర్ రాస్ ట్యూబాకూ టేపుకూ కలిపి ‘పిల్ట్‌డౌన్ ఫ్రాగ్మెంట్స్’ రాశారు. 1997లో జోనథన్ హార్వీ ట్యూబాకూ ఎలక్ట్రానిక్స్‌కూ ‘స్టిల్’ రాశారు. సోలో ట్యూబా, స్పీకర్ల సంగీతం ఒకే తరం తోబుట్టువులు. మీ వాద్యానికి ఇది పరాయి సంగీతం కాదు.

మిగిలిన నాలుగు వారాలకు నా సలహా ఇది. మొదటి వారం ట్యూబా తక్కువ, వినడం ఎక్కువ. సొంత స్కోరు ఆ వారంలోనే పూర్తి చేయండి. రెండో వారం శ్రుతి మారకుండా ట్రాక్ వేగం తగ్గించి ముక్కలుముక్కలుగా వాయించండి, నిశ్శబ్దాల సాధన మొదలుపెట్టండి. మూడో వారం హెడ్‌ఫోన్లు పూర్తిగా మానేసి స్పీకర్లతోనే వాయించండి, గది ఏదైనా సరే. నాలుగో వారంలో హాలు కనీసం రెండుసార్లు అడిగి తీసుకోండి, రెండో మనిషితో సహా. కచేరీ రోజు మొత్తం రచనను రెండోసారి వాయించకండి, పెదవులు దాచుకోండి.

రచన చివర్లో మీ ఆఖరి స్వరం అయిపోయాక ట్రాక్ మరో పదిహేను సెకన్లు సన్నగా మోగుతూ ఉంటుందన్నారు. ఆ పదిహేను సెకన్లు చాలామంది పాడుచేస్తారు. వాయించడం అయిపోయిందని మౌత్‌పీస్ తీసి, ట్యూబా కిందికి దించి, చెమట తుడుచుకుంటారు, హాల్లో చప్పట్లు మొదలవుతాయి, మిగిలిన మోత ఎవరికీ వినిపించదు. మీరు మౌత్‌పీస్‌ను పెదవుల దగ్గరే ఉంచండి, వేళ్లు వాల్వుల మీదే ఉండనివ్వండి. చివరి మోత పూర్తిగా ఆరిపోయాక, లోపల మూడు లెక్కపెట్టి, అప్పుడు దించండి.